ఊపిరి దాకా లైల్, ఆ తర్వాత వెర్నా

హెస్పర్ నాన్‌కివెల్ ఎనభై ఆరో ఏట నిచ్చెన వేసుకుని, ఇంటి చూరు గొట్టంలో అడ్డుపడిన ఆకులు తీయబోయి, కింద లావెండర్ పొదలో పడింది. కుడి మణికట్టు విరిగింది. పొద చచ్చిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ బాధపడింది పొద గురించే.

పెళ్ళి చేసుకోని మనిషి. మా పోర్ట్ కెవర్న్‌లో ఆవిడకి సొంతవాళ్ళంటే పోయిన అన్నగారి పిల్లలిద్దరే. పెద్దది వెర్నా, బళ్ళో గుమాస్తాగా చేసి రిటైరైంది. చిన్నవాడు లైల్, ఊరి కౌన్సిల్లో ఇరవై ఎనిమిదేళ్ళు పార్కింగ్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఇద్దరికీ అరవై దాటాయి. ఇద్దరికీ చిన్నప్పటినుంచీ పడదు. ఎందుకు పడదో ఇద్దరికీ గుర్తులేదు గానీ పడకపోవడం మాత్రం ఏ రోజూ మరిచిపోలేదు.

కుడిచెయ్యి కట్టులో ఉండగా అత్త ఎడమచేత్తో పెట్టిన సంతకాన్ని బ్యాంకువాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క లాయరు డిమిత్రా కత్సారోస్ దగ్గరికి మేనల్లుణ్ణీ మేనకోడల్నీ వెంటబెట్టుకుని వెళ్ళింది. లాయరమ్మ రెండు కాగితాలు రాసింది. మొదటిది పవరాఫ్ అటార్నీ. అత్త తరఫున బ్యాంకుపనీ, ఇంటిపనీ, బిల్లులూ చూసుకునే అధికారం. అది లైల్‌కి. రెండోది వీలునామా. అందులో రాసినవన్నీ అత్త పోయాక అమలుచేసే ఎగ్జిక్యూటర్ వెర్నా.

"ఈ రెండిటిలో ఏది పెద్దదండీ?" అని అడిగాడు లైల్.

"పెద్దా చిన్నా కాదండీ, ముందూ వెనకా," అంది లాయరమ్మ. "మీ అత్తగారి ఊపిరి ఉన్నంతవరకూ మీరు. ఊపిరి ఆగిన క్షణం నుంచీ మీ అక్కగారు. మీ ఇద్దరికీ ఒకేసారి అధికారం ఉండే నిమిషం ఒక్కటి కూడా ఉండదు."

"దేవుడా, పుణ్యం కట్టుకున్నావు," అంది అత్త.

వెర్నా మొహం ముడుచుకుని, అయితే అత్త బతికున్నన్నాళ్ళూ తనకి ఏమీ లేదా అని అడిగింది. అత్త ఆమె చేతిమీద తట్టి, "నువ్వు నేను చచ్చాక పనికొస్తావమ్మా," అంది ప్రేమగానే. లైల్ మాత్రం ఈ మాటలేవీ వినడం లేదు. కాగితం మీద 'పవర్' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

అతని సంగతి చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళు ఊరు ఊరంతా లైల్‌ని చూసి వణికింది. అతను వీధిమలుపు తిరిగాడంటే మాంసం కొట్టు ముందు నుంచి మూడు కార్లు కదిలేవి. పాస్టరుగారు సైతం ప్రార్థన మధ్యలో ఆపి బయటికి పరిగెత్తి కారు జరుపుకున్న రోజులున్నాయి. రిటైరైన మర్నాడు అదే వీధిలో నడిస్తే ఒక్క కారూ కదల్లేదు. పైగా ఎవరో చెయ్యి ఊపారు. ఆ చెయ్యి ఊపడం అతన్ని మూడేళ్ళు బాధపెట్టింది. అలాంటివాడి చేతికి ఇప్పుడు లాయరు ముద్రతో 'పవర్' వచ్చింది.

కాగితానికి ముప్పై నకళ్ళు తీయించాడు. ఒకదాన్ని చిన్నది చేయించి, ల్యామినేషన్ కొట్టించి, తాడు కట్టి మెళ్ళో వేసుకున్నాడు. మాంసం కొట్టులో అత్త కోసం కొన్న ముక్కల్లో కొవ్వు ఎక్కువుంటే ఆ కార్డు ఎత్తి చూపించేవాడు. ఫోను కంపెనీకి ఫోను చేసి, గంటన్నర పాట విని, చివరికి ఎవరో ఎత్తగానే, "నేను మిస్ నాన్‌కివెల్ పవరాఫ్ అటార్నీని మాట్లాడుతున్నాను," అనేవాడు. అవతలివాళ్ళు వెంటనే మర్యాదగా మారిపోయేవారు. ఆ మర్యాద కోసమే వారానికి రెండుసార్లు పనిలేకపోయినా చేసేవాడని అత్త అనేది. అది అబద్ధం. మూడుసార్లు చేసేవాడు.

అలా నెలరోజులు గడిచాక అతను అత్త తిండి మీద పడ్డాడు. బేకరీలో అత్తకి మాంసం కూరిన సాసేజ్ రోల్ అమ్మకూడదని కార్డు చూపించి చెప్పొచ్చాడు. బేకరీవాళ్ళు అత్తకి ఫోను చేశారు. అత్త తిన్నగా లాయరమ్మకి చేసింది. లాయరమ్మ లైల్‌ని పిలిపించి, ఆ కాగితం ఆవిడ ఆస్తిపాస్తులకే గానీ ఆవిడ నోటికి కాదనీ, పైగా ఆవిడ బుద్ధి నిక్షేపంలా ఉంది కాబట్టి ఆస్తి విషయంలో కూడా ఆవిడ మాటే చెల్లుతుందనీ, ఆవిడ చెప్పింది చేసేవాడే తప్ప ఆవిడకి చెప్పేవాడు కాడనీ విడమరిచి చెప్పింది.

"అంటే నేను ఆవిడ యజమానిని కాదా?" అన్నాడు లైల్ కాస్త నీరసంగా.

"మీరు ఆవిడ చెయ్యి. అదీ కుడిచెయ్యి విరిగింది కాబట్టి."

ఆ సాయంత్రం అత్త అతని ఎదురుగానే రెండు సాసేజ్ రోల్స్ తింది.

ఇటు వెర్నా పద్ధతి వేరు. బళ్ళో ముప్పై ఏళ్ళు హాజరుపట్టీలు రాసిన మనిషి. ముందుగా సిద్ధం కాకపోవడం అంటే ఆమెకి పాపంతో సమానం. ప్రతి ఆదివారం ఒక ఫైలూ, అంటించే రంగుచుక్కల పాకెట్టూ తీసుకుని వచ్చేది. ఎర్రచుక్క చర్చికి, పచ్చచుక్క పచ్చికమీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బుకి, నీలంచుక్క చుట్టాలకి. "ఊరికే తెలుసుకుందామని అత్తా, తొందరేం లేదు," అంటూ టీపాట్ కిందా, దీపం కిందా, బల్ల కిందా చుక్కలు అంటించేది. వచ్చినప్పుడల్లా మొదటిమాట, ఒంట్లో ఎలా ఉందని. అత్త మొదటి జవాబు, "నిన్ను ఇంకా నిరాశపరుస్తూనే ఉన్నానే తల్లీ."

ఒక ఆదివారం లైల్ సోఫాలో కునుకు తీస్తుంటే అత్త ఒక ఎర్రచుక్క అతని బట్టతల మీద అంటించింది. అతను దాంతోనే ఇంటికెళ్ళి, దారిలో పెట్రోలు పోయించుకుని, మర్నాడు పొద్దున అద్దంలో చూసుకునేదాకా తెలుసుకోలేదు. ఇక నుంచి అతను చర్చి సొత్తని పాస్టరుగారు చాలా వారాలు ఆటపట్టించారు.

అసలు గొడవ గాలిపీడనం చూపించే గోడయంత్రం దగ్గర వచ్చింది. తాతగారు ఓడల రోజుల్లో కొన్నది. పెళుసుది కాబట్టి భద్రంగా తన ఇంట్లో పెడతానని వెర్నా దాన్ని గోడ మీంచి దించి కారులో పెట్టింది. లైల్ గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు. ఆమె ఎగ్జిక్యూటర్నంది. ఇంకా కాలేదన్నాడు. వీలునామాలో తన పేరుందంది. వీలునామా అనేది మనిషి ఉండగా డ్రాయర్లో పడుకునే కాగితమనీ, దాని ఎగ్జిక్యూటర్ కూడా అంతవరకూ పడుకోవాలనీ లైల్ అన్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. రిటైరైనా దాచుకున్న పాత చలానా పుస్తకం జేబులోంచి తీసి, అక్కగారి కారు నంబరు రాసి, 'అధికారం లేకుండా వస్తువు తరలింపు' అని కారణం వేసి, చలానా చింపి అద్దానికి అంటించాడు.

అత్త కిటికీలోంచి ఇదంతా చూసింది. గోడయంత్రం వెనక్కి వచ్చింది. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకోవడం మానేశారు.

ఆ గొడవతో లైల్‌కి ఒక సంగతి బోధపడింది. అత్త ఉన్నంతవరకే తను. ఆవిడ పోతే మెళ్ళో కార్డు చిత్తుకాగితం, అక్క మహారాణి. కాబట్టి అత్త పోకూడదు. ఆ రోజు నుంచీ ఆవిడని బతికించడం మొదలుపెట్టాడు. పొద్దున్నే ఏడింటికి ఓట్స్ గంజితో తలుపు దగ్గర ప్రత్యక్షం. స్నానాలగదిలో పట్టుకోవడానికి ఆరు కడ్డీలు కొట్టించాడు. వాటిల్లో నాలుగింటికి తనే తల కొట్టుకున్నాడు. చలికి కాళ్ళకి తొడుగులూ, ఎండకి టోపీ. అత్తకి మూడు చక్రాల బ్యాటరీ బండి ఉండేది. నారింజరంగు జెండా కట్టుకుని, సముద్రంలోకి కట్టిన జెట్టీ చెక్కల మీద దడదడమంటూ, గాలాలు వేసుకునేవాళ్ళని చెదరగొడుతూ పోయేది. లైల్ దాని వెనక పరిగెత్తేవాడు. మూడేళ్ళు ఇలా గడిచాయి. మణికట్టు ఎప్పుడో అతుక్కుంది, సంతకం మామూలుగానే పెట్టుకునేది. లైల్ రావడం మాత్రం ఆగలేదు. గంజి బాగాలేదని ఆవిడ, తాగితీరాలని అతను. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి రేడియోలో గుర్రప్పందేలు వినేవారు. ఇదంతా పవర్ కోసమే అని లైల్ అనుకునేవాడు. అలా అనుకోవడం అతనికి సుఖంగా ఉండేది.

ఎనభై తొమ్మిదో ఏట, ఒక గురువారం మధ్యాహ్నం, అత్త జెట్టీ చివర బండిలో కూర్చుని స్క్విడ్‌లనే పదికాళ్ళ సముద్రజీవుల కోసం గాలం వేసింది. లైల్ పక్కనే తెల్లచొక్కా వేసుకుని, టోపీ పెట్టుకోమని పోరుతున్నాడు. గాలం బరువెక్కింది. ఆవిడ గిరగిరా తిప్పి పైకి లాగింది. చెయ్యంత స్క్విడ్ నీళ్ళలోంచి లేచి, గాల్లో ఒక్క తిరుగు తిరిగి, కడుపులో ఉన్న సిరా మొత్తం లైల్ మొహాన చిమ్మింది. కళ్ళు, ముక్కు, చొక్కా, మెళ్ళో కార్డు అన్నీ నల్లగా మునిగాయి.

"పవర్ పోయిందిరా లైలూ!" అని అత్త నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వు ఊళ్ళో అందరికీ తెలిసిందే, ఆగకుండా వస్తుంది. లైల్ రుమాలు వెతుక్కుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, ఇందులో అంత నవ్వడానికేముందని విసుక్కుంటున్నాడు. ఒక కన్ను తెరిచేసరికి నవ్వు ఆగింది. ఆవిడ బండిలో వెనక్కి వాలి, గాలం ఒళ్ళో పెట్టుకుని, నవ్వుతున్న మొహంతోనే పోయింది.

అంబులెన్సువాళ్ళు పరిగెత్తుకొచ్చి ముందు లైల్‌ని స్ట్రెచరు మీద పడుకోబెట్టబోయారు. తప్పు వాళ్ళది కాదు. చూస్తే అతనే చచ్చినవాడిలా ఉన్నాడు.

ఆసుపత్రిలో ఒక నర్సు ఫారం పట్టుకొచ్చి, ఆవిడకి మీరేమవుతారని అడిగింది. మూడేళ్ళ అలవాటు కొద్దీ లైల్ సిరాకార్డు ఎత్తి, "పవరాఫ్ అటార్నీ" అన్నాడు. ఆ పిల్ల చాలా మెత్తగా, "అది మూడుంబావు దాకానండీ. ఇప్పుడు ఏమవుతారు?" అంది. లైల్ కార్డు కిందికి దించాడు. తర్వాత, మేనల్లుణ్ణి అన్నాడు.

అయినా మనిషి ఒకపట్టాన ఒప్పుకోడు కదా. మర్నాడు పొద్దున్నే అత్త ఇంట్లో కూర్చుని కరెంటు కంపెనీకి ఫోను చేశాడు. గంట పాట విన్నాడు. ఎవరో అమ్మాయి ఎత్తింది. అత్త పోయారనీ, తను పవరాఫ్ అటార్నీననీ, ఖాతా సంగతి చూడాలనీ చెప్పాడు. ఆ అమ్మాయి సానుభూతి చెప్పి, ఆవిడ పోయారు కాబట్టి ఆయన పవర్ ఇప్పుడు లేదంది. అత్త ఇంట్లో పవర్ ఉందని, ఇప్పుడే కెటిల్ పెట్టానని లైల్ అన్నాడు. ఆ పవర్ కాదండీ, మీ పవర్ అందామె. తన పవర్ గురించే తనూ అడుగుతున్నానన్నాడు. పది నిమిషాల తర్వాత ఇద్దరికీ ఎవరు దేన్ని గురించి మాట్లాడుతున్నారో తెలియకుండా పోయింది. చివరికి ఆమె, ఎగ్జిక్యూటర్ ఎవరైనా ఉంటే ఫోను వాళ్ళకివ్వమంది.

సరిగ్గా అప్పుడే వెర్నా నల్లటోపీ పెట్టుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, గుమ్మంలోకి వచ్చింది. లైల్ ఫోను చాపాడు. ఆమె ఫైలు బల్ల మీద పెట్టి అందుకుంది.

బ్యాంకులోనూ అదే మాట అన్నారు. నమ్మకం కుదరక లాయరమ్మ దగ్గరికీ వెళ్ళాడు. ఆమె టీ ఇచ్చి, మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. పవరాఫ్ అటార్నీ అంటే ఆవిడ అధికారాన్ని మీరు అరువు తెచ్చుకోవడం అంది. ఇచ్చిన మనిషే లేనప్పుడు అరువు ఎక్కడిది?

"ఆవిడకి చెయ్యిగా ఉన్నారు కదా, లైల్ గారూ. మనిషితో పాటు చెయ్యి కూడా పోయింది."

లైల్ అప్పుడు ఏడ్చాడు. మూడేళ్ళ గంజి, కడ్డీలు, టోపీలు అన్నీ కలిపి ఏడ్చాడు. ఏడుస్తూ మెళ్ళోంచి కార్డు తీసి లాయరమ్మ బల్ల మీద పెట్టాడు. అది ఇంకా స్క్విడ్ వాసన వేస్తోంది. ఆమె మర్యాదకి కాసేపు ఉంచుకుని, అతను వెళ్ళాక కిటికీ తెరిచింది.

వెర్నాకి మొదటి మూడురోజులూ పండగే. పండగని బయటికి అనదు గానీ నడకలో తెలిసిపోయేది. అంత్యక్రియలు ఆమె చేతిమీదుగా జరిగాయి. తర్వాత టీకి దోసకాయ సాండ్‌విచ్‌లు పెట్టించింది. అత్తకి దోసకాయంటే అసహ్యమని ఆమెకి తెలియదు. లైల్‌కి తెలుసు గానీ, చెప్పే అధికారం తనకి లేదని నోరు మూసుకుని, ఒక పెట్టెడు సాసేజ్ రోల్స్ తెచ్చి వెనకబల్ల మీద పెట్టాడు. జనం వెనకబల్ల దగ్గరే ఉండిపోయారు.

నాలుగోరోజు నుంచీ కష్టాలు మొదలయ్యాయి. షెడ్డు తాళంచెవి కనబడలేదు. అది ఓట్స్ డబ్బాలో ఉంటుందని లైల్‌కి తెలుసు. బీమా కాగితాలు లేవు. అవి పియానో బల్ల కింద. మూడేళ్ళుగా ఆవిడ జీవితం ఎక్కడెక్కడ ఉందో తమ్ముడికే తెలుసు. చేసే హక్కు అక్కకే ఉంది. హక్కున్నామె అడగదు. తెలిసినవాడు చెప్పడు. వెర్నా రోజూ ఇల్లంతా తిరగేసి, రాత్రికి దుమ్ముకొట్టుకుని ఇంటికి పోయేది. ఆమె అంటించిన రంగుచుక్కలు కూడా పనికిరాలేదు. అత్త ఎప్పుడో తీరిగ్గా కూర్చుని వాటన్నిటినీ అటుది ఇటు మార్చేసింది. దాంతో చర్చికి సారా గ్లాసులూ, బౌల్స్ క్లబ్బుకి బైబిలూ వచ్చాయి. ఇదేమిటని లాయరమ్మని అడిగితే, చుక్కలకి విలువ లేదు, వీలునామాలో రాసిందే లెక్క అంది. అలా మొత్తం వీలునామా కూర్చుని చదివినప్పుడు ఏడో పేరా బయటపడింది.

నా మూడు చక్రాల బండిని ఊళ్ళో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషికి ఇవ్వాలి అని రాసింది అత్త. ఎవరికి వాళ్ళు చెప్పుకునేది నమ్మకూడదు. జెట్టీ మీద పందెం పెట్టాలి. చివర వచ్చినవాళ్ళదే బండి. తీర్పు ఎగ్జిక్యూటర్‌ది.

"ఇది చట్టానికి విరుద్ధం కాదా?" అంది వెర్నా నీళ్ళు నములుతూ.

"బుద్ధికి విరుద్ధం అంతే. చట్టానికి కాదు. రాయొద్దని నేనూ ఎంతో చెప్పాను," అంది లాయరమ్మ.

ఎగ్జిక్యూటర్ అన్నాక రాసింది చెయ్యాలి. శనివారం పొద్దున పదింటికి వెర్నా జెట్టీ మీద రిబ్బను కట్టింది. అక్కణ్ణుంచి చేపల ఎర కోసే బల్ల దాకా ఇరవై అడుగుల దూరం. ఏడుగురు వచ్చారు. అందరూ డెబ్భై అయిదు దాటినవాళ్ళే. ఈల వేసింది. ఒక్కరూ కదల్లేదు. మళ్ళీ వేసింది. ఎనభై నాలుగేళ్ళ థిర్జా హాకింగ్ సంచిలోంచి అల్లిక తీసి అల్లుకోవడం మొదలుపెట్టింది. గంటన్నర గడిచింది. ఏడుగురూ రిబ్బను దగ్గరే నిలబడి సముద్రాన్ని చూస్తున్నారు. చివరికి వాన వచ్చి అందరూ మహావేగంగా ఇళ్ళకి పోయారు.

ఆ సాయంత్రం వెర్నా లైల్ ఇంటి తలుపు కొట్టింది. అయిదు నిమిషాలు వాతావరణం గురించి మాట్లాడింది. తర్వాత, వచ్చే శనివారం పందేనికి తనకి తోడుగా ఉండాలంది.

"ఏ హోదాలో?" అన్నాడు లైల్. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

వెర్నా టోపీ తీసి చేతిలో తిప్పింది. ఫైల్లో దీనికి జవాబు లేదు. "తమ్ముడి హోదాలో," అంది చివరికి. "నిలబడిన బండికీ కదిలే బండికీ తేడా ఈ ఊళ్ళో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసురా?"

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. లోపలికి రమ్మన్నాడు. షెడ్డు తాళంచెవి ఓట్స్ డబ్బాలో ఉందని టీ పెట్టకముందే చెప్పేశాడు.

రెండో శనివారం లైల్ సుద్దముక్కతో వచ్చాడు. పూర్వం కార్ల టైర్ల మీద సుద్దగీత గీసి, గంట తర్వాత వచ్చి చూసి, గీత కదలకపోతే చలానా రాసేవాడు. ఇప్పుడు ఏడుగురి బూటుమడమల వెనకా చెక్కల మీద గీతలు గీశాడు. రూలు చదివి వినిపించాడు. ప్రతి నిమిషానికీ మడమ గీతని వదిలి ముందుకి రావాలి. ఎంత తక్కువైనా పరవాలేదు గానీ రావాలి. రాకపోతే అది నడక కాదు, పార్కింగు. పార్కింగు చేసినవాళ్ళు పందెంలోంచి బయటికి.

వెర్నా ఈల వేసింది. ఏడుగురూ గొంగళిపురుగుల్లా కదిలారు. ఊరు మొత్తం కజ్జికాయల్లాంటి మాంసం పేస్టీలు తింటూ రెండుపక్కలా కూర్చుంది. లైల్ మోకాళ్ళ మీద పాకుతూ, గీతలు గీస్తూ, కొలుస్తూ తిరిగాడు. మొదటి అరగంటలో ఇద్దరు పార్కయ్యారు. మరొకాయన ఊపిరి బిగబట్టి నడవబోయి కళ్ళు తిరిగి కూర్చున్నాడు. థిర్జా హాకింగ్ కుంటుతోంది. రోజూ చర్చికి గాలికన్నా ముందు వెళ్ళే మనిషి. లైల్ చాలాసేపు చూసి, ఇందాక ఎడమకాలు, ఇప్పుడు కుడికాలు కుంటుతున్నారేమని అడిగాడు. నొప్పి మారుతోందని ఆమె జవాబు చెప్పింది. రూల్లో కుంటడం గురించి ఏమీ లేదు కాబట్టి వదిలేశాడు.

ఎల్వుడ్ పాస్కో అని తొంభై ఒక్క ఏళ్ళాయన, చెవులు వినబడవు, నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. అతని దగ్గర లైల్‌కి పనే లేకపోయింది. నిమిషానికి సరిగ్గా రెండు వేళ్ళ దూరం, ఎక్కువా తక్కువా లేకుండా, మొహమంతా చెమటతో.

పన్నెండున్నరకి జెట్టీ చివర నుంచి ఎవరో, స్క్విడ్‌ల గుంపు వచ్చిందని కేకేశారు. ఆ మాట మా ఊళ్ళో చర్చి కప్పు కూలిందన్నంత పెద్దమాట. జనం లేచి పరిగెత్తారు. వాళ్ళతో పాటు పందెంలో మిగిలినవాళ్ళూ పరిగెత్తారు. అందరికన్నా ముందు థిర్జా, రెండు కాళ్ళూ దివ్యంగా ఉండగా, అల్లిక గాల్లో ఎగురుతుండగా, ఎర బల్ల దాటిపోయింది. ఎల్వుడ్‌కి కేక వినబడలేదు. తల వంచుకుని, తన పాటికి తను, రెండేసి వేళ్ళ చొప్పున వస్తూనే ఉన్నాడు. ఒంటిగంటా ఇరవై అయిదుకి ఎర బల్ల తాకి, రొప్పుతూ తలెత్తాడు.

"నేనే ఫస్టా?" అన్నాడు.

ఆయన చివర వచ్చాడని వెర్నా గట్టిగా చెవిలో చెప్పింది. ఎల్వుడ్ మొహం వాడిపోయింది. తన వల్ల కాగలిగినంత వేగంగా నడిచానన్నాడు. రూలు తిరగబడిందన్న సంగతి ఆయనకి ఎవరూ వినబడేలా చెప్పలేదు.

థిర్జా చేతిలో రెండు స్క్విడ్‌లతో తిరిగొచ్చి గొడవకి దిగింది. స్క్విడ్‌ల కోసం పరిగెత్తడం నడక కిందికి రాదనీ, పందెం మళ్ళీ పెట్టాలనీ వాదించింది. జనం రెండుగా చీలారు. వెర్నా బెదిరిపోయి తమ్ముడి వైపు చూసింది. ఏం చెయ్యమంటావురా అన్నట్టు.

లైల్‌కి జవాబు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇంతకన్నా తేలిక తీర్పు తగల్లేదు. నాలిక చివరి దాకా వచ్చింది. సుద్దముక్క జేబులో వేసుకుని, "నేను గీతలు గీసేవాణ్ణే అక్కా. తీర్పు నీది," అన్నాడు.

వెర్నా టోపీ సర్దుకుంది. బండి ఎల్వుడ్‌దేనంది. థిర్జాతో, "మీరు పరిగెత్తిన పరుగు ఊరంతా చూసింది పిన్నిగారూ, మీకు బండి ఇస్తే బండికే అవమానం," అంది. థిర్జా కూడా నవ్వేసింది. ఎల్వుడ్ తనకి బండి ఎందుకు ఇస్తున్నారో ఆఖరికీ అర్థం చేసుకోలేదు. ఓడిపోయినవాళ్ళకి ఇంత మంచి ఓదార్పు బహుమతి ఇవ్వడం మర్యాదగా ఉందని అందరికీ చెప్పుకున్నాడు.

ఎగ్జిక్యూటర్ పనులు తెమలడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ వెర్నా సంతకాలు చేసింది, ఏ కాగితం ఎక్కడుందో లైల్ చెప్పాడు. బైబిలు చర్చికి చేరింది. గ్లాసులు క్లబ్బుకి చేరాయి. ఒకరోజు లాయరమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. అంతా సక్రమంగా పూర్తయిందనీ, ఎగ్జిక్యూటర్‌గా వెర్నా బాధ్యత ఇంతటితో ముగిసిందనీ.

వెర్నా ఆ ఉత్తరం పట్టుకుని, లైల్‌తో పాటు అత్త వంటింట్లో నిలబడింది. ఫైల్లో పెట్టబోయి ఆగిపోయింది. ఇక ఆవిడ కోసం చెయ్యాల్సిన పని ఒక్కటీ మిగల్లేదంటూ కుర్చీలో కూలబడి ఏడ్చింది. లైల్‌కి ఈ ఏడుపు తెలుసు. తను మొదట్లోనే ఏడ్చేశాడు. అక్కకి ఎనిమిది నెలలు ఆలస్యంగా వచ్చింది. ఊరుకోమనలేదు. కెటిల్ పెట్టాడు.

టీ తాగాక కప్పులు ఎవరు కడగాలన్న దగ్గర మాటలు పెరిగాయి. టీ పెట్టినవాడు కడగడన్నాడు లైల్. ఏడ్చిన మనిషి చేత కడిగిస్తావా అంది వెర్నా. వాదన అయ్యేసరికి చీకటి పడింది. కప్పులు ఆ రాత్రికి తొట్లోనే ఉండిపోయాయి.